బ్యాంకరు గారి పూలపిచ్చి

ఎండలు ముదరకముందే పూల సంచిక రావాలని సంపాదకుడి పట్టు. మల్లెనీ మొగలినీ మిగతావాళ్లు ముందే ఎగరేసుకుపోయారు. నా వంతుకు మిగిలింది అజేలియా. అదీ కుండీల్లో ఏడాదంతా పచ్చగా ఉండే రకం కాదు. చలికి ఆకంతా రాల్చేసి మోడై, వసంతం రాగానే మన మోదుగలా ఒళ్లంతా పూతతో భగ్గుమనే రకం.

దీని చరిత్ర తేనెతో మొదలవుతుంది. క్రీ.పూ. 400 ప్రాంతంలో నల్లసముద్రం ఒడ్డున, నేటి టర్కీలోని ట్రాబ్జాన్ దగ్గర గ్రీకు సైనికులు అడవి తేనె తిని, వాంతులతో, మతితప్పి నేలమీద పడిపోయారని వాళ్లతో ఉన్న జెనొఫోన్ రాశాడు. అక్కడి కొండల్లో పూసే పసుపు అజేలియా, దాని చుట్టమైన ఊదా రోడోడెండ్రాన్ చేసిన పని అది. ఎవరూ చావలేదు. మూడు నాలుగు రోజులకు లేచి కూర్చున్నారు. తర్వాత రోమన్ సేనాని పాంపే సైనికులదీ అదే కథ, కాకపోతే మత్తులో ఉండగా శత్రువులు వాళ్లను నరికేశారు. అక్కణ్నుంచి దాదాపు పద్దెనిమిది శతాబ్దాలు ఒక్క గెంతు గెంతుదాం.

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా రైతు జాన్ బార్ట్రమ్ అమెరికా అడవుల మొక్కల్ని లండన్ బట్టల వ్యాపారి పీటర్ కాలిన్సన్‌కు పంపేవాడు. వాటితో పాటు అజేలియాలూ ఓడెక్కాయి. 19వ శతాబ్దం మొదట్లో బెల్జియంలోని ఘెంట్‌లో మోర్టియే అనే రొట్టెల వ్యాపారి ఆ అమెరికా రకాలకు నల్లసముద్రపు పసుపు పూలతో సంకరం కట్టాడు. తర్వాత ఇంగ్లండులో నాప్ హిల్ నర్సరీ నడిపిన వాటరర్ కుటుంబం వాళ్లు ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు.

ఇక నాకు ఇష్టమైన మనిషి. లయొనెల్ డి రోత్‌చైల్డ్ కోట్లు ఏలిన బ్యాంకు కుటుంబం వాడు. బ్యాంకు తనకు సరదా, తోటపనే వృత్తి అని చెప్పుకునేవాడు. 1919లో హాంప్‌షైర్‌లో ఎక్స్‌బరీ ఎస్టేటు కొన్నాడు. నూటయాభై మందిని పెట్టి ఏళ్ల తరబడి నేల తవ్వించి, ఆకు ఎరువు కలిపించాడు. నీళ్ల కోసం 22 మైళ్ల గొట్టాలు భూమిలో పరిపించాడు. డబ్బున్నవాడి వేషాలే అనుకోండి, కానీ ఆ మొక్క అడిగేదీ సరిగ్గా అదే. వేళ్లు పైపైనే, వలలా పరుచుకుంటాయి కాబట్టి నేల గుల్లగా, తేమగా ఉండాలి. పుల్లటి నేల కావాలి. సున్నం తగిలితే ఆకులు పాలిపోతాయి. చుట్టూ పారతో గెలకకూడదు, ఆకుచెత్త కప్పి వదిలేయాలి.

నాప్ హిల్ మొక్కలు తెచ్చి పుప్పొడి మార్చి మార్చి విత్తనం కట్టించాడు. మొలిచినవి పూసేదాకా ఏళ్లు ఆగాడు. రంగు నచ్చకపోతే పెరికించి తగలబెట్టించాడు. ఆ నిర్దయ లేకపోతే నారింజ, బంగారు, సాల్మన్ రంగుల్లో అరచేయంత గుత్తులు వచ్చేవి కావు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో ఆయన పోయాడు. అదే ఏడాది బ్రిటిష్ నావికాదళం ఎస్టేటును స్వాధీనం చేసుకుని నార్మండీ దాడికి ఏర్పాట్లు చేసుకుంది. కలుపు తీసే దిక్కు లేదు. యుద్ధం తర్వాత కొడుకు ఎడ్మండ్ తోటను మళ్లీ దారికి తెచ్చాడు.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. ఎక్స్‌బరీ రకాలు అమెరికా దక్షిణాన వేడికి డీలాపడుతుంటే, అలబామాలోని మొబైల్‌లో యూజీన్ అరోమి స్థానిక జాతులతో కలిపి ఎండకు ఆగే రకాలు తీశాడు. జార్జియా రాష్ట్రం తన అడవి అజేలియానే రాష్ట్ర వనపుష్పంగా ఎంచుకుంది. అట్లాంటా శివార్లలో ఇళ్లు కట్టుకున్న మనవాళ్లకు అందుకే ఇంగ్లండు పేర్లకంటే అక్కడి లేత గులాబీ పీడ్‌మాంట్ రకం మేలు. ఎర్రమట్టి నీరు పట్టేస్తుంది కనుక మెరక కట్టి, పైపైనే నాటాలి. కత్తిరించేది పూత అవగానే, వేసవి సగం గడిస్తే వచ్చే ఏటి మొగ్గలు కత్తెరపాలే.