తాతముత్తాతల జాడ: గోదావరి దస్తరాలు

గోదావరి ఒడ్డున పితృకార్యం చేయవచ్చినవారిని పురోహితుడు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: గోత్రమేమి, తండ్రి, తాత, ముత్తాతల పేర్లేమి అని. మూడు తరాల పేర్లు చెప్పగలిగితే చాలును. ఆపై తరాలవారిని పేరుపేరునా పిలువవలసిన పని లేదు. మనలో చాలమందికి జ్ఞాపకం కూడ అంతటితోనే ఆగిపోతుంది. ముత్తాత తండ్రి ఎవరు, ఏ ఊరినుంచి వచ్చినాడు, ఎవరి పొలం దున్నినాడు అని అడిగితే ఇంటిలోని పెద్దలు సయితం ఆలోచనలో పడతారు.

కడచిన శీతకాలంలో దక్షిణాఫ్రికాలోని డర్బను నగరంనుంచి ఒక పెద్దమనిషి మమ్ములను వెదుకుకొంటూ వచ్చినారు. అరువదియేండ్లు దాటిన వయస్సు. తెలుగు నాలుగు మాటలు మాత్రమే వచ్చును. చేతిలో ఒక కాగితపు నకలు ఉన్నది. 1890లలో వారి ముత్తాత మద్రాసు రేవున ఓడ యెక్కినప్పుడు దొరతనంవారు వ్రాసుకొన్న వివరాలవి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా గోదావరి, తాలూకా రామచంద్రపురం, ఆపైన ఊరి పేరు. ఆ ఊరిలో తమవారెవరైనా మిగిలి ఉన్నారా అన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెదకబోయి నేను తెలుసుకొన్న కొన్ని సంగతులను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

పూర్వీకులకోసం ఇట్లా దస్తరాలు తిరగవేయడం ప్రపంచంలో కొత్త సంగతి కాదు. ఐర్లండు దేశాన్ని చూడండి. 1845లో అక్కడ బంగాళాదుంప పైరుకు తెగులు పట్టి ఘోరమైన కరవు వచ్చినది. సుమారు పది లక్షలమంది మరణించినారు. ఇంచుమించు అంతమందే ఓడలెక్కి పరదేశాలకు పోయినారు. వారి సంతతివారు నేటికీ అమెరికానుంచి, ఆస్ట్రేలియానుంచి తమ పల్లెలను వెదుకుకొంటూ వస్తూ ఉంటారు. వారికి ముఖ్యంగా రెండు ఆధారాలున్నవి. ఒకటి, ఊరి చర్చిలో మతగురువు వ్రాసి ఉంచిన జ్ఞానస్నానాల, వివాహాల పుస్తకం. రెండవది, 1847 మొదలు 1864 వరకు రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి జరిపించిన భూముల మదింపు. ఏ భూమి ఎవరి అనుభవంలో ఉన్నదో అందులో పేరుతో సహా కనిపిస్తుంది. అనుభవించేవాడు భూస్వామి కానక్కరలేదు, కౌలుదారైనా చాలును. 1922లో అంతర్యుద్ధం నాడు డబ్లిను నగరంలోని దస్తరాల భవనం తగులబడి, పాత జనాభా లెక్కలు చాలవరకు బూడిద అయినవి. అందువల్ల ఈ రెండు ఆధారాలకూ మరింత విలువ వచ్చినది.

గ్రిఫిత్ మదింపు మొదలైన 1847లోనే మన ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టినాడు. అంతకుముందు మన సీమ స్థితి ఐర్లండుకు ఎంతో మెరుగైనదని చెప్పలేము. రాజమహేంద్రవరం జిల్లా జనసంఖ్య 1821లో ఏడు లక్షల ముప్పదియెనిమిది వేలుండగా, 1841 నాటికి అయిదు లక్షల అరువదియొక్క వేలకు దిగజారినది. కరవులు, ఉప్పెనలు, వలసలు మూడూ కలిసి చేసిన పని అది. ఆ ఇరువది యేండ్లలో పోయినవారి పేర్లు ఏ పుస్తకంలో ఉన్నవి?

మన దేశంలో చర్చి పుస్తకంవంటిది అందరికీ లేదు. నరసాపురం ప్రాంతాన పని ప్రారంభించిన మిషనరీలవల్ల, తరువాత రాజమహేంద్రవరంలో స్థిరపడిన లూథరన్ మిషనువల్ల క్రైస్తవ కుటుంబాలకు జ్ఞానస్నానపు పుస్తకాలు ఏర్పడినవి. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో జననమరణ వివాహాలను ఫ్రెంచి పద్ధతిలో నమోదు చేసేవారు. మిగిలిన గోదావరి సీమకు ఆధారం భూమి కాగితమే.

ఆ భూమి కాగితాలు మాత్రం మనకు కొల్లలుగా ఉన్నవి. కల్నల్ కాలిన్ మెకంజీ ఏలూరువారైన కావలి సోదరుల సాయంతో ఊరూరా సేకరింపజేసిన కైఫీయతులు మొదటివి. ఏ గ్రామం ఎవరు కట్టినారు, కరణీకం ఏ వంశంలో ఉన్నది అన్న సంగతులు వాటిలో దొరకుతవి. తరువాత, 1858లో ఇనాం కమిషను ఏర్పడినది. ఇనాం ఇచ్చిన ప్రభువెవరు, పుచ్చుకొన్నవాడెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు, వయస్సెంత అని కమిషనువారు విచారించి ఇనాం ఫేర్ రిజిస్టరులో వ్రాయించినారు. నేటికీ న్యాయస్థానాలలో దీనిని ఆధారంగా చూపుతూ ఉంటారు. అర్చకునికి, పురోహితునికేకాక, ఊరిలో మంగలికి, చాకలికి, వెట్టికి సేవకు బదులుగా చెక్క భూమి ఉంటే వారి పేర్లు కూడ ఇందులోకి ఎక్కినవి. ఆ పిమ్మట సర్వే సెటిల్‌మెంటు వచ్చినది. ప్రతి సర్వే నెంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు చేరినది. వీటికి తోడు కరణంగారి అడంగళ్ళు ఉండనే ఉన్నవి.

అయితే ఒక్క సంగతి గమనించవలసి ఉన్నది. ఈ పుస్తకాలన్నీ శిస్తుకోసం పుట్టినవి. దొరతనంవారికి మనిషి అక్కరలేదు, మనిషి చెల్లించే శిస్తు కావలసి ఉన్నది. పట్టా ఉన్నవాడు పుస్తకంలో ఉన్నాడు. అతని పొలంలో తెల్లవారుజామున నాగలి కట్టిన పాలేరు ఏ పుస్తకంలోనూ లేడు. నాట్లు వేసిన ఆడమనిషి అసలే లేదు. గ్రిఫిత్ పుస్తకంలో కౌలుదారుకైనా చోటు దొరికినది. మన పట్టా పుస్తకంలో కౌలురైతుకు సయితం చోటు లేదు.

అట్టి నిరుపేద మొదటిసారి కాగితంమీదికి ఎప్పుడు ఎక్కినాడో తెలుసునా? ఊరు విడిచిపోయిన నాడు!

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన 1834 నుంచి, చెరకుతోటల యజమానులు కూలీలకోసం మన దేశంవైపు చూసినారు. ఒప్పందంమీద మారిషసుకు పోయినవారే నాలుగున్నర లక్షలు. మన కోరింగ రేవు పేరుమీదుగా అక్కడి తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చినది. నేటాలుకు 1860 మొదలు 1911 వరకు లక్షా యాభైరెండు వేలమంది పోయినారు. వారిలో అధికులు మద్రాసులో ఓడ యెక్కినవారు. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు అరువదివేలమంది పోయినారు. మద్రాసునుంచి ఆ ద్వీపాలకు ఓడలు 1903లో బయలుదేరినవి.

పోయే ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చినారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాసినారు. ఎత్తు కొలిచినారు. మోకాలిమీద మచ్చ, భుజాన పుట్టుమచ్చ ఉంటే అదీ వ్రాసినారు. పారిపోతే పట్టుకోవడానికి ఆ గుర్తులు కావలసివచ్చినవి. ఫిజీవంటి చోట్లకు నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండితీరవలెనని నిబంధన ఉన్నందున, ఏ భూమి దస్తరంలోనూ కానరాని స్త్రీల పేర్లు, వారి పుట్టిన ఊళ్ళు ఈ చీటీలలో కనిపిస్తున్నవి. దయతో వ్రాసిన కాగితాలు కావవి. అయినా నేడు వారి సంతతికి అవే వంశచరిత్ర. మారిషసులోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ ఈ పుస్తకాలను భద్రపరచినది. ఫిజీ మొదలైన దేశాలలోని ఒప్పందకూలీల దస్తరాలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది.

బర్మాకు పోయినవారికి ఈపాటి చీటీ కూడ లేదు. కాకినాడనుంచి రంగూనుకు పొగఓడలో పోయి, కోతలకాలం పూర్తిచేసుకొని తిరిగివచ్చేవారు. మేస్త్రీ చేతిలోని అప్పుపద్దే వారి కాగితం. 1942 యుద్ధకాలంలో అడవులగుండా నడిచివస్తూ దారిలో రాలిపోయినవారి పేర్లు వారివారి ఇళ్ళలో తప్ప ఎక్కడా నిలువలేదు.

ఇక మన డర్బను అతిథిగారి కాగితానికి వద్దాము. ఒకవైపు చీటీ ఉన్నది, మరొకవైపు భూమి పుస్తకం ఉన్నది. రెంటినీ కలిపితే చాలును గదా అని మొదట నేను కూడ అనుకొన్నాను. కాని అవి కలియవు. మన పట్టాలలో మనిషి ఇంటిపేరుతో మొదలవుతాడు. ఓడచీటీలలో ఇంటిపేరు సాధారణంగా కనిపించదు. గుమాస్తా అడుగలేదు, కూలీ చెప్పలేదు. తీరా అవతలి ఒడ్డు చేరిన తరువాత తండ్రి పేరో, స్వంత పేరో, కులం పేరో కుటుంబనామంగా స్థిరపడినది. మారిషసులో మన అప్పడు అప్పాడూ అయినాడు, సన్యాసి సనాసీ అయినాడు. నేటాలులో నాయుడు నైడూ అయినాడు. పోయినవాడు పుస్తకంలో ఒక పేరుతో ఉన్నాడు. ఉండిపోయిన అన్నదమ్ములు, వారికి సెంటు భూమి ఉంటే, మరొక పేరుతో ఉన్నారు.

ఊరు వెదకడం కూడ తేలిక కాదు. ఆ కాలపు గోదావరి జిల్లా 1925 నాటికి తూర్పు, పశ్చిమ జిల్లాలుగా విడిపోయినది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2022లో జిల్లాలే మళ్ళీ మారినవి. 1984లో కరణాల ఉద్యోగం రద్దయినప్పుడు, ఏ పొలం ఏ ఇంటివారిదో నోటిమీద చెప్పగలవారు కూడ కచేరీ విడిచిపోయినారు. మా అతిథి చీటీలో గ్రామం పేరు వ్రాసిన ఆంగ్లాక్షరాలను మూడు విధాల చదువవచ్చును. మూడు ఊళ్ళూ ఆ పాత తాలూకాలోనే ఉన్నవి.

మూడూ తిరిగినాము. రెండవ ఊరిలో, కాలువగట్టు ప్రక్క అరుగుమీద కూర్చున్న ఒక ముసలమ్మ మా మాట సాంతం విన్నది. "ఏ ఇంటివారు బాబూ మీరు?" అని అడిగినది. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పినాను. అతిథిగారు చేతిలోని కాగితం పైనుంచి క్రిందిదాక చూసి, తల అడ్డంగా ఊపినారు. "ఇంటిపేరు తెలియకపోతే ఎవరింటికని చూపను నాయనా?" అన్నదామె, కొంగుతో కళ్ళు తుడుచుకొంటూ. మంచినీళ్ళిచ్చి పంపినది. వారి ఇల్లు మాకు దొరకలేదు.

మరునాడు రాజమహేంద్రవరంలో కోటిలింగాలరేవున అతిథిగారు తర్పణం విడువదలచినారు. పురోహితుడు గోత్రం అడిగినాడు. తెలియదన్నారు. తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పడం ఆచారమున్నదని ఆయనే సర్దిచెప్పినాడు. తరువాత మూడు తరాలవారి పేర్లు అడిగినాడు. తండ్రి పేరు, తాత పేరు అతిథికి తెలుసును. ముత్తాత పేరుకు మాత్రం జేబులోనుంచి నకలు తీసి, నెంబరు ప్రక్కనున్న రెండుమాటలను కూడబలుక్కొని చదివినారు. కూలీని గుర్తుపట్టడానికి వ్రాసిన చీటీ ఆనాడు పితృకార్యానికి పనికివచ్చినది.

పాఠకులకు ఒక చిన్న మనవి. మీ ఇంట పెద్దవారు ఉన్నప్పుడే ఒక నోటుపుస్తకం తీసికొని కూర్చోండి. ఇంటిపేరు, మూడు తరాలు కాక అయిదు తరాల పేర్లు, ఊళ్ళు వ్రాయించుకోండి. అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు, వారి పుట్టింటివారి ఇంటిపేర్లు మరువకండి. బర్మాకో, మరో దీవికో పోయి తిరిగిరాని చిన్నతాత ఎవరైనా ఉంటే ఆ పేరు తప్పక చేర్చండి. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు ఓడచీటీ చేతబట్టుకొని మీ వీధిలోకి రావచ్చును. ఏ ఇంటివారని అడిగి ఊరుకోకుండా, ఇదిగో మా పుస్తకంలో చూడండని చెప్పగలిగిన ఇల్లు ఊరికి ఒక్కటైనా ఉండవలెను.