భయమునకు స్వరమిచ్చిన వాద్యబృందము

భయము కంటికంటె ముందు చెవికి తెలియును. అర్ధరాత్రమున వీధితలుపు కిఱ్ఱుమన్నచో, లేచి దీపము వెలిగించుటకు ముందే గుండె దడదడలాడును. చూచిన పిమ్మట అది గాలి చేసిన పని యని తెలిసి నవ్వుకొందుము. రేడియో నాటకములు ప్రసారము చేయు మావంటివారికి ఈ రహస్యము నిత్యము ఉపయోగపడునదే. చలనచిత్రములు తీయువారు మాత్రము దీనిని గ్రహించుటకు కొంతకాలము పట్టెను. పాడుపడిన కోటలు, సమాధులు, రక్తము త్రాగు ప్రేతములు గల భయానక చిత్రములకు తగిన సంగీతము ఎట్లేర్పడినదో, అందు రేడియోకు గల పాలు ఎంతటిదో కొంచెము ముచ్చటించుకొందము.

మూకీల కాలమున సంగీతము తెరయెదుటనే పుట్టుచుండెడిది. 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్ నగరమున ‘నోస్ఫెరాటు’ అను చిత్రము మొదటిసారి ప్రదర్శింపబడెను. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన ‘డ్రాక్యులా’ నవలను, అనుమతి లేకయే పేర్లు మార్చి, దర్శకుడు ముర్నౌ తెరకెక్కించిన చిత్రమది. దానికి హాన్స్ ఎర్డ్‌మన్ సంగీతము కూర్చెను. వాద్యబృందము ప్రదర్శనశాలలోనే కూర్చుండి దానిని వాయించెను. స్టోకర్ భార్య వ్యాజ్యము వేయగా, ప్రతులన్నిటిని నాశనము చేయవలసినదని 1925లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. కొన్ని ప్రతులు ఎట్లో మిగిలినవి గాని, ఎర్డ్‌మన్ సంగీతములో అధికభాగము నష్టమైపోయెను.

టాకీలు వచ్చిన క్రొత్తలో ఒక వింత జరిగెను. చిత్రమునకు మాట వచ్చెను, సంగీతము పోయెను. 1931లో హాలీవుడ్‌లో తీసిన ‘డ్రాక్యులా’లో నటుల పేర్లు పడునప్పుడు చైకోవ్‌స్కీ రచించిన ‘హంసల కొలను’ నృత్యరూపకము నుండి ఒక భాగము వినవచ్చును. నాటకశాల దృశ్యమున మరికొంత వినవచ్చును. మిగిలిన చిత్రమంతయు దాదాపు నిశ్శబ్దమే. వాయించువారు తెరమీద కానరానిచో, ఈ సంగీతమెక్కడిదని ప్రేక్షకులు కలతపడుదురేమో యని ఆనాటి నిర్మాతలు శంకించిరి. 1933లో ‘కింగ్ కాంగ్’ చిత్రమునకు మాక్స్ స్టైనర్ కూర్చిన సంగీతము ఆ శంకను చాలవరకు తొలగించెను.

అటుపిమ్మట 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చెను. దాని సంగీతకర్త ఫ్రాంజ్ వాక్స్‌మన్. 1934లో బెర్లిన్ వీధిలో నాజీ మూకల చేత దెబ్బలు తిని, స్వదేశము విడిచిపోయిన యూదుడాయన. శవముల భాగములతో కూర్చిన స్త్రీకి ప్రాణము పోయు ఘట్టమున, టింపనీ యను పెద్ద నగారాలు గుండె కొట్టుకొనుచున్నట్లు ఒకే లయలో మ్రోగును. కంటికి కనబడునవి యంత్రములు, మెఱుపులు మాత్రమే. ప్రాణము వచ్చుచున్నదను సంగతిని చెవి చెప్పును.

ఇక రేడియో సంగతి. జేమ్స్ బెర్నార్డ్ అను ఆంగ్లేయుడు 1925లో అవిభక్త భారతదేశమునందలి నథియా గలి అను కొండయూరిలో జన్మించెను. ఆ యూరు నేడు పాకిస్తానులో నున్నది. సుప్రసిద్ధ సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ ఆయనకు చిన్ననాటినుండి ప్రోత్సాహమిచ్చెను. బ్రిటన్ 1951లో ముగించిన ‘బిల్లీ బడ్’ అను సంగీతనాటకపు స్వరప్రతిని బెర్నార్డ్ తన చేతితో వ్రాసిపెట్టెను. 1954లో బి.బి.సి. రేడియో, జాన్ వెబ్‌స్టర్ రచించిన ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’ అను పదునేడవ శతాబ్దపు విషాదనాటకమును ప్రసారము చేసినప్పుడు దానికి సంగీతము కూర్చినది బెర్నార్డే. ఫిడేలు జాతి తంత్రీవాద్యములు, తాళవాద్యములు తప్ప ఆయన మరేమియు వాడలేదు. హత్యలు, ఉన్మాదము నిండిన ఆ నాటకమున శ్రోతకు కనబడునది ఏమియు లేదు గదా! కన్ను చేయవలసిన పనిని కూడ ఆ కొలది వాద్యములే చేయవలసివచ్చెను.

ఆ ప్రసారమున వాద్యబృందమును నడిపిన జాన్ హాలింగ్స్‌వర్త్, హ్యామర్ అను చిత్రసంస్థలో సంగీత పర్యవేక్షకుడుగా కూడ ఉండెను. తక్కువ వ్యయముతో చిత్రములు తీయు చిన్న సంస్థ యది. 1955లో ‘క్వాటర్‌మాస్’ కథను తెరకెక్కించుచుండగా, నియమింపబడిన సంగీతకర్త జబ్బుపడెను. హాలింగ్స్‌వర్త్ ఆ రేడియో నాటకపు రికార్డును నిర్మాతకు వినిపించెను. ఆ విధముగా బెర్నార్డ్ సినిమా లోకమున ప్రవేశించెను. రేడియోలో ఉపయోగించిన తంత్రీ, తాళవాద్యములతోనే ఆ చిత్రమునకు సంగీతము కూర్చెను. ఇరుగుపొరుగు స్వరములు రెండు ఒక్కమారు పలికినచో ఒండొంటితో రాచుకొని చెవిని బాధించును. మన సంగీతజ్ఞులు వివాదిదోషమని జాగ్రత్తపడునట్టి ఆ ఘర్షణనే భయానక రసపోషణకు ఆయన సాధనముగా చేసికొనెను.

1958లో టెరెన్స్ ఫిషర్ దర్శకత్వమున హ్యామర్ సంస్థ ‘డ్రాక్యులా’ తీసెను. ఈమారు ఇత్తడి బాకాలు కూడ వచ్చి చేరినవి. ప్రధాన స్వరవాక్యము కొరకు బెర్నార్డ్ ఎక్కడికో వెదుకబోలేదు. ప్రతినాయకుని పేరునే ఉచ్చరించి చూచెను. డ్రా-క్యు-లా: మూడక్షరములు. మన ఛందస్సులో ఇది గురువు, లఘువు, గురువు గల ర-గణము. ఆ మూడక్షరములకు మూడు స్వరములు పెట్టి, చిత్రారంభమునందే బాకాల చేత ఆ పేరు పిలిపించెను. తెరమీద శవపేటికపై రక్తబిందువులు పడుచుండగా, వాద్యబృందము ఆ పేరును చాటుచుండును.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. డ్రాక్యులా పాత్రధారి క్రిస్టఫర్ లీ మొదటి ఘట్టములలో అతిథితో కొలది మాటలు పలుకును. పిదప చిత్రము ముగియువరకు ఆ పాత్రకు మాట యన్నది లేదు. కోట విడిచి ఊరిలోనికి వచ్చి, ఇండ్లలో దూరి, జనులను వశపరచుకొను ఆ మూగ ప్రభువునకు మాటగా నున్నవి ఆ మూడు స్వరములే. ఆయన తెరమీద కానరాకున్నను, ఆ స్వరములు వినబడినంతనే సమీపమున నున్నాడని ప్రేక్షకునకు తెలిసిపోవును. నటుని కీర్తిలో కొంత భాగము ఈ సంగీతకర్తకు చెందవలసియున్నది. ఆయన పేరు మాత్రము చాలమందికి తెలియదు.

కథ ఇంతటితో ముగియలేదు. 1997లో, పునరుద్ధరింపబడిన ‘నోస్ఫెరాటు’ మూకీకి క్రొత్త సంగీతము కూర్చినది ఈ బెర్నార్డే. పేరు మార్చుకొని దాగిన డ్రాక్యులా కథయే గదా యది! తన సంగీతములో అధికభాగమును పోగొట్టుకొన్న చిత్రమునకు డెబ్బది యేండ్లు దాటిన తరువాత, అదే ప్రభువు కొరకు స్వరము పోసిన భాగ్యము ఆయనకు కలిగెను. 2001లో ఆయన మరణించెను.

ఈసారి ఇట్టి చిత్రము చూచుట తటస్థించినప్పుడు, మిక్కిలి భయము కలిగిన చోట ఒక్క నిమిషము కన్నులు మూసికొని వినుడు. భయము తగ్గునని తలంతురేమో! తగ్గదు. రేడియో ముందర కూర్చుండి నాటకములు విను అలవాటు గలవారికి దానికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు.