కాలపు గడియ, తలుపు గడియ

మన భాషలో 'చేపు' అని ఒక చక్కని మాట ఉన్నది. దూడను చూచి ఆవు చేపుతుంది. పసికందు ఏడుపు వినగానే తల్లి రొమ్ము చేపుతుంది. వద్దనుకుంటే ఆగేది కాదది. ఆ మాట అర్థం నాకు నిఘంటువు వలన తెలియలేదు. 1980వ దశకంలో ప్రసూతి సెలవు ముగించుకొని బడికి మళ్ళిన రోజులవి. పద్యం చెబుతుండగా వీథిలో ఏ పసిబిడ్డ ఏడ్చినా నా రవిక తడిసిపోయేది. పైట నిండుగా కప్పుకొని, మధ్యాహ్నం గంట కొట్టగానే మరుగుదొడ్డిలో నిలబడి పాలు పిండి పారబోసేదాన్ని. అదే వేళకు ఇంటివద్ద మా అత్తగారి ఒడిలో నా కూతురు సీసాపాలు త్రాగుతూ ఉండేది.

ఈ కష్టానికి చాలా చరిత్ర ఉన్నదని ఉద్యోగ విరమణ తరువాతనే చదివి తెలుసుకున్నాను.

1919లో వాషింగ్టన్‌లో సమావేశమైన అంతర్జాతీయ కార్మిక సంస్థ, పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుమార్లు అరగంట చొప్పున విరామం ఉండాలని తీర్మానించింది. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట పసిపిల్లలకు గది ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలిచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 26 వారాలయింది. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట శిశుసంరక్షణాలయం, తల్లి రోజుకు నాలుగుమార్లు అక్కడికి వెళ్ళివచ్చే వీలు కలిగాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ హక్కులను తనలో చేర్చుకున్నది.

ఇవన్నీ మేలే. అయితే వీటన్నిటి వెనుక ఒక ఊహ ఉన్నది: బిడ్డ తల్లికి చేరువలోనే ఉంటుందని. మిల్లు ప్రక్కనే కాపురముండే కూలితల్లికి అది సరిపోవచ్చు. రెండు బస్సులు మారి పనికి వెళ్ళే తల్లి మాటేమిటి?

ఆమెకు యంత్రం అక్కరకు వచ్చింది. చదరంగంలో పేరొందిన ఎడ్వర్డ్ లాస్కర్ 1920వ దశకంలోనే పాలు తీసే పంపుకు అమెరికాలో పేటెంటు పొందాడు. 1956లో స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ తల్లికి నొప్పి తగ్గేలా మరొకటి రూపొందించాడు. 1991లో మెడెలా సంస్థ ఆసుపత్రి పంపును ఇంటికి తగినట్లు చేసింది. ఇప్పుడు తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట ఉన్నా పాలు అందుతాయి. కానీ పంపు వాడాలంటే సమయమొక్కటే చాలదు. ఒక కుర్చీ, చేతులు కడుక్కొనే నీరు, పాలను చల్లగా ఉంచే వసతి, అన్నిటికంటె ముందు మూసుకొనే తలుపు కావాలి. 2010లో అమెరికా చట్టం, మరుగుదొడ్డి కాని, పరుల కంటబడని చోటు చూపాలని స్పష్టంగా వ్రాసుకున్నది. మన కోడ్‌లో పాలు తీసుకొనే గది ప్రస్తావన లేదు.

నాడు సీసాపాలు త్రాగిన నా కూతురు కొన్నేళ్ళ క్రిందట తానూ తల్లి అయి, సంచిలో పంపు పెట్టుకొని హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళింది. "ఎక్కడ కూర్చుని తీసుకుంటున్నావే?" అని అడిగాను. "కూర్చోవడమా! నువ్వు నిలబడినచోటే అమ్మా" అన్నది.

తెలుగులో గడియ అంటే కాలమూ అవుతుంది, తలుపుకు వేసేదీ అవుతుంది. చట్టం మొదటిది ఇచ్చింది. మిత్రులారా, మీరు పనిచేసేచోట రెండవది ఉన్నదేమో రేపు ఒకసారి చూడండి. లేకపోతే అడగండి.