దరియా మీద ఫర్మాయిష్

మన ఇళ్ళలో మెహమాన్ ఫర్మాయిష్ చేయడు. దస్తర్‌ఖాన్ మీద బగారా ఖానా, దాల్చా పెడితే అవే తింటాడు. ‘ఇంకేమైనా కావాలా భాయ్’ అని ఇంటివాళ్ళు పట్టుబట్టినా ‘బస్, బహుత్ హై’ అంటాడు. ఈ లిహాజ్ మంచిదే, మన తహజీబ్‌లో భాగమే. కానీ డబ్బు పోసి టికెట్ కొని ఓడ ఎక్కినవాడు మెహమానా, గిరాకీయా? ఓడల మీద ఖానా తారీఖ్ అంతా ఈ ఒక్క సవాల్ చుట్టూ తిరుగుతుంది.

ఈ మధ్య అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన ఖాందాన్లు సెలవులకు క్రూయిజ్ ఓడలు ఎక్కుతున్నాయి. సాయంత్రం పెద్ద హాల్లో తెల్లటి గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుంటారు, చేతికి మెనూ ఇస్తారు. అందులో గోష్త్ ఉంటుంది, అది ఎవరు ఎలా కోసిందో తెలియదు. సూప్ ఉంటుంది, అందులో షరాబ్ పడిందో లేదో తెలియదు. అడగడానికి షరం. వారం రోజులు ఉడకేసిన ఆలుగడ్డ, రొట్టె, పచ్చి కూరగాయ ముక్కలతో సరిపెట్టుకుని దిగి వస్తారు. అదే హాల్లో పక్క బల్ల మీద మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి మాట్లాడుకున్న కుటుంబం రెండో రోజు నుంచి మెనూలో లేని పప్పు, రోటీ, బైంగన్ కూర తింటూ ఉంటుంది. ఆ పక్క బల్లకు ఆ హక్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

1840లో క్యునార్డ్ కంపెనీ బ్రిటానియా ఓడ లివర్‌పూల్ నుంచి అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టింది. ముసాఫిర్లకు తాజా పాలు ఇవ్వడానికి ఆ ఓడ మీద ఒక ఆవును కట్టేసి తీసుకెళ్ళారు. ఫ్రిజ్‌లు లేని జమానా కదా. రెండేళ్ళ తర్వాత చార్లెస్ డికెన్స్ అదే ఓడలో అమెరికా వెళ్ళి, తాను పడ్డ తక్లీఫ్ అంతా పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రోజుల్లో పొడవాటి బల్ల, గంట కొట్టగానే అందరూ కూర్చోవాలి, కెప్టెన్ బావర్చీ ఏది పంపితే అది తినాలి. ఫర్మాయిష్ అన్న మాటకు చోటే లేదు.

ఆ బల్లను మొదట పగలగొట్టింది దౌలత్. 1905లో జర్మనీ వాళ్ళ హాంబర్గ్-అమెరికా కంపెనీ తన ‘అమెరికా’ ఓడ మీద రిట్జ్ పేరుతో విడిగా ఒక రెస్టారెంట్ తెరిచింది. గంటతో పని లేదు, అందరితో కలిసి కూర్చోనక్కరలేదు. కావలసినప్పుడు వచ్చి, కావలసింది చెప్పి, దానికి విడిగా పైసలు కట్టవచ్చు. ఆ తర్వాత పెద్ద ఓడలన్నీ ఈ దారి పట్టాయి. టైటానిక్ మీద అలాంటిదే ఒకటి ఉండేది. 1936లో వచ్చిన క్వీన్ మేరీ మీద వెరండా గ్రిల్ అనే పేరుతో ఉండేది. ఈ గ్రిల్ గదుల గురించి ఒక కిస్సా మషూర్. టెక్సాస్ నూనె వ్యాపారి ఒకడు మజాక్ కోసం నలుగురికి గిలకపాము మాంసం ఫర్మాయిష్ చేశాడట. ‘లేదు’ అనడం ఆ బావర్చీఖానా ఇజ్జత్‌కు తక్కువ. పాములాంటి మలుగు చేపలను వెండి పళ్ళెంలో పెట్టి, వెనక ఇద్దరు నౌకర్లు పిల్లల గిలకలు ఆడిస్తూ తెచ్చి వడ్డించారట. కిస్సాలో నిజమెంతో గానీ, అది చెప్పుకున్న వాళ్ళ నమ్మకం మాత్రం నిజం: పై తరగతిలో కూర్చున్నవాడు ఏదడిగినా రావాలి.

ఇదంతా గోరా దౌలత్‌మందుల సంగతి. మనవాళ్ళ సంగతికి వస్తే, 1888 సెప్టెంబరు 4న బంబాయి నుంచి క్లైడ్ అనే ఓడలో ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడు విలాయత్ బయలుదేరాడు. పేరు మోహన్‌దాస్ గాంధీ. గోష్త్ ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చాడు. ఓడ మెనూలో గోష్త్ లేని వంటకాలు ఏవో తెలియదు, ఆ మాట స్టీవార్డును అడిగే ధైర్యం లేదు, ఇంగ్లీషు సాఫీగా రాదు, కాంటా-చంచా పట్టుకోవడం రాదు. అందుకే భోజనాల బల్ల దగ్గరకే వెళ్ళలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతోనే గదిలో కూర్చుని గడిపేశానని తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. తర్వాత ఒక పెద్ద సామ్రాజ్యాన్ని నిలదీసిన మనిషి ఇతనే, కానీ ఆ రోజు ఒక వెయిటర్‌ని ‘ఇందులో ఏముంది’ అని అడగలేకపోయాడు. ఆలుగడ్డతో వారం గడిపే మన ఖాందాన్‌ని చూస్తే నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు.

అజీబ్ ఏమిటంటే, ఆ రోజుల్లో అలాంటి ఓడల్లోనే కింది అంతస్తుల్లో మన మనుషులే మన ఖానా దర్జాగా తినేవారు. వాళ్ళు ఖలాసీలు. పీ అండ్ ఓ కంపెనీ ఓడల్లో డెక్ మీద పనిచేసేది ఎక్కువగా కొంకణ్, గుజరాత్ తీరాల ముసల్మానులు, బొగ్గు కొట్టేది పంజాబీలు, పఠాన్లు, బల్లల దగ్గర వడ్డించేది గోవా క్రైస్తవులు. కలకత్తా ఓడల బాయిలర్ల దగ్గర సిల్హెట్ వాళ్ళు. వీళ్ళందరి జీతాలు గోరా నావికుల జీతాల్లో చిన్న భాగం మాత్రమే. పడుకునే చోటు ఇరుకు. ఆ జుల్మ్‌ను కప్పిపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక్క విషయంలో వాళ్ళ బందోబస్తు పక్కా. ఓడ ఎక్కేముందు వేలిముద్ర వేసే ఒప్పంద కాగితంలోనే బియ్యం, పప్పు, నెయ్యి, మసాలా ఎంతెంత ఇవ్వాలో రాసి ఉండేది. వాళ్ళకు వేరే చూలా, దాని దగ్గర వాళ్ళ మనిషే అయిన భండారీ. భండారీ అంటే ఖలాసీల బావర్చీ. ముసల్మాన్ ఖలాసీల కుండలో హలాల్ కానిది పడకుండా చూసుకునే జిమ్మేదారీ ఆయనది.

పైన సెకండ్ క్లాస్ టికెట్ కొన్న హిందుస్తానీ ఆకలితో మిఠాయి నములుతుంటే, కింద బొగ్గు మసిలో ఉన్న హిందుస్తానీ వేడి అన్నం, పప్పు తింటున్నాడు. ఎందుకు? కిందివాడు ఎవరినీ ఫర్మాయిష్ చేయలేదు. వాడి ఖానా షర్తులో ఉంది. కంపెనీ దయతో ఇచ్చిందేమీ కాదు, ఆ తిండి లేకపోతే పనివాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు, అంతే. తర్వాతి కాలంలో ఈ సిల్హెట్ ఖలాసీలే కొందరు ఇంగ్లండ్ రేవుల్లో దిగిపోయి అక్కడి కర్రీ హోటళ్ళకు పునాది వేశారు. బ్రిటన్ వాళ్ళకు సాలన్ రుచి చూపించిన వాళ్ళలో నవాబుల బావర్చీల కంటే ఈ బాయిలర్ మనుషులే ఎక్కువ.

యూదుల కథ కూడా ఇలాంటిదే, కాకపోతే వాళ్ళు పనివాళ్ళు కారు, టికెట్ కొన్న గరీబులు. 1880ల నుంచి 1914 దాకా రష్యా, దాని చుట్టుపక్కల ముల్కుల నుంచి దాదాపు 20 లక్షల మంది యూదులు అమెరికాకు వలస వెళ్ళారు. వాళ్ళకు కోషర్ నియమం ఉంది: జంతువును తమ పద్ధతిలో జబహ్ చేయాలి, ఖంజీర్ కూడదు, గోష్త్‌కు పాలకు ఒకే గిన్నె వాడకూడదు. మొదట్లో ఓడల మీద వాళ్ళు ఎండు రొట్టె, ఉప్పు చేప, చాయ్‌తో అట్లాంటిక్ దాటేవారు. కానీ వీళ్ళు లక్షల్లో ఉన్నారు, కంపెనీల మధ్య పోటీ ఉంది. కోషర్ బావర్చీ ఉన్న ఓడకు టికెట్లు ఎక్కువ తెగుతాయని మునీములకు అర్థమైపోయింది. హాంబర్గ్ రేవు దగ్గర వలసదారుల కోసం కట్టిన బస్తీలో యూదులకు వేరే వంటగది, ప్రార్థనా మందిరం కూడా పెట్టారు. 1912లో మునిగిపోయిన టైటానిక్ మీద చనిపోయిన సిబ్బందిలో ఒక కోషర్ వంటవాడు ఉన్నాడు. ఆ కంపెనీ గిన్నెల మీద ఇది గోష్త్‌కు, ఇది పాలకు అని హీబ్రూలో ముద్ర వేసి ఉండేది. అదే ఓడ మూడో తరగతి మెనూ అడుగున ఇంకో మాట ఉంది: ఖానా గురించి షికాయత్ ఉంటే వెంటనే పర్సర్‌కో చీఫ్ స్టీవార్డుకో చెప్పండి అని. గరీబు ముసాఫిర్ చేతికి నోరు విప్పమని రాతపూర్వకంగా ఇచ్చిన ఇజాజత్ అది. గాంధీ ఓడ ఎక్కిన 24 ఏళ్ళ తర్వాతి మాట.

రాజులకైతే ఈ బాధే లేదు. 1902లో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్ వెళ్ళిన జైపూర్ మహారాజా సవాయి మాధోసింగ్ పరాయి ఓడలో పరాయి నీళ్ళు తాగడం ఇష్టంలేక ఒలింపియా అనే కొత్త ఓడను పూర్తిగా కిరాయికి తీసుకున్నాడు. గంగాజలం నింపిన వెండి గంగాళాలు వెంట తీసుకెళ్ళాడు. ఒక్కో గంగాళం 345 కిలోలు, సుమారు 4,000 లీటర్లు పడుతుంది. ఇప్పటికీ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో చూడవచ్చు. దీన్ని ఫర్మాయిష్ అనాలో, జిద్ అనాలో మీరే తేల్చుకోండి.

మరి ముసల్మాన్ ముసాఫిర్? ఆ కాలంలో డాక్ ఓడలు ఎక్కే ముసల్మానులు బహుత్ కమ్. ఒక్కొక్కరు, ఇద్దరిద్దరు. ఇద్దరి కోసం ఏ కంపెనీ చూలా వెలిగించదు. అందుకే మనవాళ్ళలో ఈ మసలా బావర్చీఖానాలో కాకుండా కితాబుల్లో తేలింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1868లో అహ్లె-కితాబ్‌తో కలిసి తినడం, వాళ్ళ జబీహా తినడం జాయిజ్ అని ఒక రిసాలా రాశాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కొడుకులు సయ్యద్ హామిద్, సయ్యద్ మహమూద్‌లతో బంబాయిలో బరోడా ఓడ ఎక్కి విలాయత్ వెళ్ళాడు. ఉలమాలో చాలామంది ఆయనతో ఇత్తెఫాక్ కాలేదు, ఇప్పటికీ కారు. ఫిక్హ్‌లో నేను వేలు పెట్టను. తారీఖ్ వైపు నుంచి మాత్రం ఒకటి చెప్పాలి. ఒక ఆలోచనాపరుడు ‘ఉన్నది తినవచ్చా’ అని రాశాడు గానీ, ‘మనకు కావలసింది పెట్టించుకోవచ్చా’ అనే సవాల్ మన తరఫున ఓడ కంపెనీ ముందు జమాత్‌గా ఎవరూ పెట్టలేదు.

మనం లక్షల్లో ఎక్కిన ఓడలు వేరే. అవి హాజీల ఓడలు. బంబాయి నుంచి జిద్దాకు ముఘల్ లైన్ నడిపేది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు హాజీలు రైల్లో బంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో దిగి, అక్కడి నుంచి ఓడ ఎక్కేవారు. పాతకాలంలో బియ్యం, పప్పు, ఆచార్ తామే మోసుకెళ్ళి డెక్ మీద వండుకునేవారు. పొగ, ఇరుకు, గాలికి ఎగిరే నిప్పురవ్వలు. తర్వాత కంపెనీయే వండి పెట్టడం మొదలైంది. అక్బర్ లాంటి ఓడల దాకా అదే నడిచింది, 1995తో ఓడ హజ్ ఆగిపోయింది. ఆ ఓడల మీద ఏది హలాల్ అని ఎవరూ అడగాల్సిన జరూరత్ లేదు, ఓడంతా ఒకే దస్తర్‌ఖాన్. బహుశా అందుకేనేమో, వేరే ఓడ ఎక్కినప్పుడు ఎలా అడగాలో మనకు అలవాటు కాలేదు.

ఇప్పటి క్రూయిజ్ ఓడల్లో అడగడం ఐబ్ కాదు. క్యునార్డ్ వాళ్ళ క్వీన్స్ గ్రిల్‌లో మెనూ బయట అడగడం పాత రివాజే. మామూలు డైనింగ్ హాళ్ళలో కూడా హెడ్ వెయిటర్‌కి ముందు రాత్రి చెబితే మర్నాటికి వండిస్తారు. వేలమందికి వండే వంటగది కదా, బల్ల దగ్గర కూర్చుని అప్పటికప్పుడు అడిగితే పాపం వాళ్ళేం చేయగలరు. కార్నివాల్ లాంటి కంపెనీలు మెనూలో లేకపోయినా ఇండియన్ శాకాహారం అడిగినవాళ్ళకు ఇస్తాయి. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచి చెన్నై, పుదుచ్చేరి వైపు బయలుదేరిన కార్డేలియా ఓడ మీద జైన్ భోజనం దొరికేది. ఎందుకంటే జైనులు టికెట్ కొనేముందే అడుగుతారు.

కానీ పప్పు వేరు, గోష్త్ వేరు. పప్పు ఓడలో ఎప్పుడూ ఉంటుంది. కింద క్రూ మెస్‌లో ఇండియన్ సిబ్బందికి అన్నం, కూర వండుతూనే ఉంటారు, పాత భండారీ చూలా ఆరిపోలేదు. హలాల్ గోష్త్ మాత్రం దరియా మధ్యలో ఫర్మాయిష్ చేస్తే పుట్టదు. ఓడ రేవులో సరుకు ఎక్కించుకున్నప్పుడే అది ఎక్కి ఉండాలి. యూదులకు మూత వేసి ముద్ర కొట్టిన కోషర్ పొట్లాలు అలాగే ముందే ఎక్కుతాయి, వారాల ముందు చెప్పుకోవాలి. సింగపూర్ నుంచి నడిచే జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడలు హలాల్ సర్టిఫికెట్ తీసుకున్నాయి, ఎందుకంటే అక్కడ మలయ్ ముసల్మానులు గుంపులుగా ఎక్కుతారు. మిగతాచోట్ల మనం చేపతో సరిపెట్టుకుంటాం. రొయ్యలకు వెళితే ఇంకో బహస్. 2018లో హైదరాబాద్ జామియా నిజామియా రొయ్యలు మక్రూహ్-ఎ-తహ్రీమీ అని ఫత్వా ఇచ్చినప్పుడు మన ఇళ్ళలో ఎంత గొడవైందో గుర్తుందా? ఓడ వెయిటర్ ఆ ఇఖ్తెలాఫ్ తీర్చలేడు.

కాబట్టి బుకింగ్ చేసేటప్పుడు ఖానా గురించి అడిగే ఆ చిన్న డబ్బాను ఖాళీగా వదలకండి. ‘హలాల్ దొరుకుతుందా’ అని మాత్రమే అడిగితే ‘దొరుకుతుంది’ అనే జవాబే వస్తుంది, ఒక్కోసారి దాని అర్థం ఖంజీర్ లేదని మాత్రమే. గోష్త్ ఏ రేవులో ఎక్కుతుంది, సర్టిఫికెట్ ఎవరిది, వేరే పెనం వాడతారా, సాస్‌లో షరాబ్ పడుతుందా అని నాలుగు వాక్యాలు రాసి పంపండి. జవాబు రాతలో తీసుకోండి. ఓడ ఎక్కిన మొదటి రాత్రి ఆ కాగితం హెడ్ వెయిటర్ చేతిలో పెట్టండి.