కరణం దస్త్రం నుంచి కలెక్టర్ లాగిన్ దాకా

ఈసారి భూమి గురించి కాదు, భూమి వివరాలున్న పుస్తకాన్ని ముట్టుకునే హక్కు గురించి రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కాస్త ఓపిక పట్టండి, ఇది మీ సిలబస్‌లోదే.

ఏ ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెరిచినా లోపల ఒక పట్టిక ఉంటుంది. ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు ఆమోదించొచ్చు అన్నీ అందులోనే. నా బతుకుదెరువు కూడా అలాంటి పట్టికలు రాయడమే. 1992లో అమెరికాలో ఫెరైయోలో, కూన్ అనే ఇద్దరు దీనికొక పద్ధతి ప్రతిపాదించారు. అనుమతి మనిషికి ఇవ్వొద్దు, చేసే పనికి ఇవ్వండి. మనిషి ఆ పనిలోంచి తప్పుకుంటే అనుమతీ పోతుంది. దాన్నే రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ అంటున్నాం. అంతకు ఐదేళ్ల ముందే క్లార్క్, విల్సన్ ఇంకో మాట గట్టిగా చెప్పారు: లెక్క రాసేవాడూ దాన్ని ఖాయం చేసేవాడూ ఒక్కడే కాకూడదు.

ఇప్పుడు మన ఊళ్లకు రండి. ఆంధ్రలో కరణం, మునసబు. తెలంగాణలో పట్వారీ, మాలీ పటేల్, పోలీస్ పటేల్. ఇక్కడ రోల్ పనికి కాదు, వంశానికి అంటుకుని ఉండేది. తండ్రి పోతే కొడుకు. మద్రాసు ప్రభుత్వం 1895లో దీనికి ఏకంగా చట్టమే చేసింది. అడంగల్ రాసేది కరణమే, ఊళ్లో దాని నకలు ఇచ్చేదీ కరణమే.

మనవాళ్లకు రోల్ లేదనుకోకండి. వెట్టి, నీరడి. అవీ పుట్టుకతో వచ్చినవే. దస్త్రాల మూట నెత్తిన మోసింది మాల మాదిగలే. అందులో ఒక్క అక్షరం రాసే అనుమతి లేదు, ఏముందో చదివే దారీ లేదు. మోసే అనుమతి ఒక్కటే! అలాంటిది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ నాకింతవరకు కనబడలేదు.

తెనాలి తాలూకా పెరవలిపాలెం కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. పెరవలిని విడదీసి కొత్త గ్రామం చేశారు. మునసబు పోస్టుకు గాజుల దశరథ రామారావు దరఖాస్తు పెట్టుకున్నారు. పాత మునసబు కొడుకు నాకే హక్కుంది అన్నాడు. అధికారులు చివరికి అతని వైపే నిలబడ్డారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వంశాన్ని బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పొచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికే పదేళ్లు దాటింది. ఆ పోస్టులనే రద్దు చేయడానికి 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రావాల్సివచ్చింది.

కుర్చీలు పోయాయి. పుస్తకాల్లో రాతలు పోలేదు. తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించింది ఆ రాతలనే.

2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి వచ్చింది. దానికి ముందే వీఆర్వోలను తీసేశారు, రెవెన్యూ కోర్టులనూ ఎత్తేశారు. వీఆర్వోల లంచాల సంగతి మనకు తెలియంది కాదు, వాళ్ల కోసం నేను కన్నీళ్లు పెట్టుకోను. కానీ పాసుబుక్కులో పేరు తప్పుపడినా, విస్తీర్ణం తగ్గినా దిద్దే బటన్ కలెక్టర్ లాగిన్‌కు చేరింది. టీఎం-33 అర్జీలు అక్కడ గుట్టలుగా పడ్డాయి. 2024లో ఆ అధికారాలు కొన్ని తహసీల్దారుకు, ఆర్డీవోకు దించారు. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, భూభారతి తెచ్చారు. అప్పీలుకు దారి మళ్లీ తెరిచారు, మంచిదే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం లాగిన్ కాదు, ధరణిలో తీసేసిన అనుభవదారు కాలమ్. కౌలుకు దున్నేవాళ్లు, తెల్లకాగితం మీద కొనుక్కున్నవాళ్లు, పట్టా దొర పేర ఉన్నా తరాలుగా సాగు చేసుకుంటున్నవాళ్లు ఆ కాలమ్‌లోనే కనబడేవాళ్లు. కరణం రాయకపోతే కనీసం వెళ్లి కొట్లాడేవాళ్లం, ఫలానా గడిలో నా పేరు ఎందుకు లేదని. గడే లేకపోతే ఏ గడి చూపించి అడుగుతారు?

కాబట్టి ఊళ్లో పనిచేస్తున్న మిత్రులు సమాచార హక్కు కింద అర్జీ పెట్టేటప్పుడు పహాణీ నకలుతో ఆగొద్దు. మన సర్వే నంబరు రికార్డును ఏ తేదీన, ఏ హోదా లాగిన్ నుంచి, ఏమని మార్చారో ఆ వివరం కూడా అడగండి. కంప్యూటర్‌లో దాన్ని లాగ్ అంటారు, అర్జీలో ఆ మాటే రాయండి.

వచ్చే భాగంలో అసైన్డ్ భూములు, 22-ఏ జాబితా.