మెఱుపుల పద్దు

మెఱుపు మెఱసినపుడు గాలిలోని నత్రజనియు ఆమ్లజనియు మిక్కుటమగు వేఁడిమిచేఁ గలిసి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువగును. అది ఓజోనుతోఁ గూడి నైట్రోజన్ డయాక్సైడుగా మాఱును. ఇట్లు పుట్టునది యెంత? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకిన చరిత్ర, వానలను వేఱుపఱచి చూచుట నేర్చికొన్న చరిత్రయే.

ఆంగ్లేయుఁడగు హెన్రీ కావెండిష్ గాజుగొట్టములోని గాలియందు విద్యుత్స్ఫులింగములను బుట్టించి, క్షారజలముతోఁ జేర్చి, సురేకారమును బడసి, యా ప్రయోగమును 1785లోఁ బ్రకటించెను. గొట్టములో జరిగినది మేఘములోనను జరుగునా? జర్మనీ దేశమున లీబిగ్ 1827లో దీనిని విచారించెను. ఆయన పరీక్షించిన వాననీటి మచ్చులు 77. అందు 17 ఉఱుముల వానలవి. అన్నిటను నత్రికామ్లము కనఁబడెను. తక్కిన 60 మచ్చులలో రెంటియందు మాత్రమే దాని జాడ యుండెను. ఆయన క్రొత్త యంత్రమేదియుఁ గల్పింపలేదు. వానలను రెండు రాసులుగా విభజించెను, అంతియే.

కాని వాననీరు క్రిందికి దిగినదానినే చెప్పును, గాలిలో నిలిచినదానిని జెప్పఁజాలదు. 1976లో నాక్సన్ ఉఱుముల మేఘమునుండి వచ్చు వెలుఁగును వర్ణపటమునఁ బరీక్షించి, నైట్రోజన్ డయాక్సైడు పెరుఁగుటను గుర్తించెను. 2004లోఁ బైకిఁ బంపఁబడిన ఆరా ఉపగ్రహము దానిని అంతరిక్షమునుండియే కొలువసాగెను.

ఇచట నొక చిక్కు కలదు. అట్టి యుపగ్రహము ఒక ప్రదేశమును సాధారణముగా దినమునకొకమాఱు చూచును. అప్పటికి నేఁటి మెఱుపుల వాయువు నిన్నటి తుపానుల వాయువుతోను, కర్మాగారముల పొగతోను గలిసియుండును. కావున శాస్త్రజ్ఞులు కాలమునను స్థలమునను దగ్గఱగానున్న మెఱుపులను ఒక్కొక్క గుంపుగాఁ జేర్చి, నేలమీఁది వానిని సముద్రముమీఁది వానినుండి విడఁదీసి, మెఱుపుల సంఖ్యతో అధికవాయువును సరిచూచుచున్నారు. మెఱుపులు దట్టముగా మెఱయు తుపానులలో ఒక్కొక్క మెఱుపు పుట్టించు వాయువు తక్కువయని 2019లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన యొకటి తెలిపెను. ఒక్క మెఱుపు కొలతను లోకమందలి మెఱుపులన్నిటితో గుణించుట యెంత మోసకరమో దీనివలనఁ దెలియును. 2007 నాఁటి సమీక్షయందు ఏఁటి మొత్తము 20 లక్షలు మొదలు 80 లక్షల టన్నుల నత్రజని యని యుండుటకుఁ గారణ మిట్టి చిక్కులే.

ఇంత శ్రమ యేలయందురా? ఈ వాయువువలనఁ బైగాలిలోఁ బుట్టు ఓజోను వేఁడిమిని బట్టియుంచును. ఈ వాయువే మన పొగగొట్టములనుండియు వెలువడుచున్నది. మెఱుపు పాలు తేలనంతకాలము మనుష్యుఁడు తన పాలును మెఱుపు పద్దున వ్రాయఁగలఁడు. లీబిగ్ చేసిన రెండు రాసుల పని మనకింకను ముగియలేదు.