పగడపు నారుమళ్ళు - హైదరాబాదు హెచ్చరిక

సముద్రతీరమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు నగరమునుండి పగడపు జీవుల క్షేమమును కనిపెట్టుచున్నారనిన పలువురికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఈ విషయము బోధపడవలెనన్న పగడముల కథను కొంత తెలిసికొనవలెను.

పగడము రాయి కాదు, మొక్కయు కాదు. అది జంతువని ఫ్రెంచి వైద్యుడు పేసొనెల్ 18వ శతాబ్దమున తెలియజేసెను. నవరత్నములలోని ఎర్ర పగడము వేరు. ప్రవాళ భిత్తికలను కట్టు పగడములు వేరు. ఈ చిన్న జీవులు సముద్రజలములోని సున్నమును గ్రహించి గూళ్ళు కట్టుకొనును. తరతరముల గూళ్ళు పేరుకొని భిత్తిక యగును. వాని దేహములలో నివసించు సూక్ష్మ శైవలములు సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసి వానికిచ్చును.

భిత్తికలు అలల తాకిడినుండి తీరమును కాపాడును, చేపలకు ఆశ్రయమిచ్చును. అయినను మన్నారు సింధుశాఖలో సున్నము కొరకు పగడపు రాళ్ళను చిరకాలము త్రవ్వి తీసిరి. అచటి దీవుల ప్రాంతము 1986లో సముద్ర జాతీయవనమైనది. 2001లో రాతి పగడములకు వన్యప్రాణి చట్టపు రక్షణ లభించినది.

త్రవ్వకము ఆగినంతమాత్రమున భిత్తిక కోలుకొనదు. పగడపు పిల్లజీవులు కదలని రాతిమీదనే నిలదొక్కుకొనగలవు. విరిగిన ముక్కల గుట్టమీద నిలువలేవు. కనుక ఇజ్రాయిల్ శాస్త్రజ్ఞుడు బరూఖ్ రింకెవిచ్ 1995లో ఒక మార్గమును సూచించెను. రైతు వరినారును మడిలో పెంచి పొలములో నాటునట్లు, పగడపు కొమ్మల ముక్కలను నీటిలోని చట్రములమీద పెంచి, ఎదిగిన పిదప భిత్తికపై నాటవలెనని దాని సారాంశము. మన దేశమున తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002లో మన్నారు సింధుశాఖయందు పగడములను నాటుట ప్రారంభించెను.

అయితే నాటిన పగడమునకు వేడి పరమశత్రువు. వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రతకంటె ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారములు నిలిచినచో జీవి తన శైవలములను వెడలగొట్టును. అప్పుడు తెల్లని గూడు బయటపడును. వేడి త్వరగా తగ్గిన శైవలములు మరల చేరును; తగ్గనిచో జీవి ఆకలితో మరణించును. 2016లో ఇట్టి వేడికి మన్నారు సింధుశాఖలో సజీవ పగడముల విస్తీర్ణము సుమారు 39 శాతమునుండి 23 శాతమునకు పడిపోయెను. 2023 వేసవిలో అమెరికాలోని ఫ్లోరిడాయందు నారుమళ్ళే దెబ్బతిన్నవి. వేలకొలది పగడములను ఒడ్డుననున్న తొట్టెలకు తరలించిరి.

కావున వేడిని ముందుగా కనిపెట్టుట అవసరము. హైటెక్ సిటీకి ఉత్తరమున, ప్రగతినగర్‌లో, 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము కలదు. చేపలు దొరకు తావులను జాలరులకు తెలుపుట, సునామీ హెచ్చరికలిచ్చుట దాని పనులు. 2011 నుండి అది అండమాను, నికోబారు, లక్షద్వీపములు, కచ్ఛ్, మన్నారు సింధుశాఖల పగడములకును హెచ్చరికలిచ్చుచున్నది. ఉపగ్రహములు కొలిచిన సముద్రోపరితల ఉష్ణోగ్రతయే దీనికి ఆధారము.

లెక్క సులభము. ఒక డిగ్రీ అదనపు వేడి నాలుగు వారములున్నను, రెండు డిగ్రీలు రెండు వారములున్నను మొత్తము నాలుగే. నాలుగు చేరిన తెల్లబారుటయు, ఎనిమిది చేరిన మరణములును సంభవించునని శాస్త్రజ్ఞుల అంచనా.

హెచ్చరిక అందినచో నాటుటను వాయిదా వేయవచ్చును. నారును చల్లని లోతులకు దింపవచ్చును. కాని హెచ్చరిక సముద్రమును చల్లార్చలేదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినకొలది సముద్రము వేడెక్కుచునే యుండును. దానిని తగ్గించు బాధ్యత మానవులందరిది. అంతవరకు నారు బ్రదికియుండుటకు ఈ కావలి తోడ్పడును.